కొత్త కంప్యూటరు - పాత ఆడియో పెట్టె

ధ్వనిని ముద్రించి దాచుకొనుట ఒకప్పుడు రేడియో కేంద్రములకును, గ్రామఫోను కంపెనీలకును మాత్రమే సాధ్యమైన పని. దానికి ప్రత్యేకముగా కట్టిన గది కావలెను, బరువైన యంత్రములు కావలెను, వానిని నడుపు ఇంజనీర్లు కావలెను. నేడా పని ఇంటిలో ఒక మూల బల్లమీద జరుగుచున్నది. సంగీతము నేర్పువారు దూరదేశములోని శిష్యులకు పాఠము రికార్డు చేసి పంపుచున్నారు. నవలలు చదివి వినిపించువారు, డబ్బింగు చెప్పువారు ఇంటినుండియే తమ గొంతు అందించుచున్నారు. తాతగారు చెప్పు కథలను, అమ్మమ్మ పాడు పెండ్లిపాటలను పదిలపరచవలెనని పూనుకొన్న కుటుంబములును కలవు.

ఈ ఏర్పాటులో ముఖ్యమైన వస్తువులు మూడు. ఒక చివర మైకు, ఇంకొక చివర కంప్యూటరు, రెంటికి నడుమ ఒక చిన్న పెట్టె. ఆ పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అందురు. మైకునుండి వచ్చు విద్యుత్సంకేతము మిక్కిలి బలహీనమైనది. పెట్టె దానిని పెద్దది చేసి, సెకనుకు 44,100 మారులో, 48,000 మారులో కొలిచి, ఆ కొలతలను అంకెల రూపమున కంప్యూటరునకు అందించును. కంప్యూటరునుండి తిరిగి వచ్చు అంకెలను మరల విద్యుత్సంకేతముగా మార్చి హెడ్‌ఫోనులకు పంపును.

మంచి పెట్టె పది పదునైదేండ్లు చెక్కుచెదరక పనిచేయును. కంప్యూటరు సాధారణముగా అంతకాలము మన ఇంట నిలువదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది; అందువలన అనేకులు కంప్యూటర్లు మార్చుకొనవలసి వచ్చినది. కొత్త కంప్యూటరు ఇంటికి వచ్చును. పాత పెట్టెను దానికి తగిలింతురు. నిన్నటివరకు చక్కగా పలికిన పెట్టె నేడు మూగవోవును. "పెట్టె పాడైనది, కొత్తది కొనవలసినదే" అని ఇంటివారు నిశ్చయింతురు. చాలసార్లు ఇది తొందరపాటు తీర్పు. పెట్టె పాడు కాలేదు. పెట్టెకును కంప్యూటరునకును నడుమ నడచు మాట తెగినది. అది ఎచ్చట తెగినదో వరుసగా వెదకి తెలిసికొను విధానమే నేటి ప్రసంగవిషయము.

ఈస్టిండియా కంపెనీ దినములలో చెన్నపట్టణమున దుబాసీలుండెడివారు. దొరకు తెలుగు రాదు, వర్తకునకు ఇంగ్లీషు రాదు. రెండు భాషలు నేర్చిన దుబాసీ నడుమ నిలిచిననే వ్యవహారము సాగెడిది. కంప్యూటరులో డ్రైవరు అను సాఫ్ట్‌వేరు చేయు పని అచ్చముగా ఇదియే. పెట్టె తన పద్ధతిలో పలుకును. కంప్యూటరును నడుపు ఆపరేటింగ్ సిస్టమ్ తన పద్ధతిలో వినును. డ్రైవరు ఒకదాని మాట ఇంకొకదానికి తెలుపును. దొర మారినప్పుడు పాత దుబాసీకి కొత్త కొలువులో ప్రవేశము దొరకకపోవచ్చును. వర్తకుడు మారలేదు, సరకు మారలేదు. అయినను బేరము నిలిచిపోవును.

దుబాసీ అక్కరలేని పెట్టెలును కొన్ని కలవు. యు.ఎస్.బి. తీగమీద ధ్వని ఎట్లు ప్రయాణము చేయవలెనో తెలుపు ఉమ్మడి నియమములు 1998లో మొదటిసారి వెలువడినవి. 2006లో రెండవ తరము నియమములు వచ్చినవి. ఈ నియమములను పాటించు పెట్టెను క్లాస్ కంప్లయంట్ పెట్టె అందురు. రెండవ తరము పెట్టెలను విండోస్ స్వయముగా గుర్తించుట 2017లో మొదలైనది. మాక్ కంప్యూటర్లు అంతకు పూర్వమే గుర్తించుచుండెను. మీ పెట్టె ఈ జాతికి చెందినదో కాదో దానితో వచ్చిన పుస్తకములో చూచుట మొదటి పని. చెందినదైనచో మీ చిక్కు చాలవరకు చిన్నదే.

వెదకులాటకు ముందు రెండు నియమములు పెట్టుకొనవలెను. మొదటిది, ఒక కాగితము తీసికొని పెట్టె పేరు, నమూనా సంఖ్య, కంప్యూటరులోని ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, దాని సంఖ్య వ్రాసికొనవలెను. రెండవది, ఒకమారు ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితము చూడవలెను. తీగ మార్చి, డ్రైవరు మార్చి, సాఫ్ట్‌వేరులో అమరికలన్నియు మార్చి, ఆ పిమ్మట పెట్టె పలికినచో దేనివలన పలికినదో తెలియదు. మరునాడు మరల మూగవోయినచో మొదటికి వచ్చినట్లే.

రేడియో పలుకనప్పుడు మనము ముందుగా ప్లగ్గును చూతుము, ఆ పిమ్మట ఏరియలును చూతుము, ఆ తరువాతనే మెకానిక్కును పిలుతుము. ఇక్కడను అదే వరుస. పెట్టెమీది దీపము వెలుగుచున్నదా? వెలుగకున్నను, వెలిగి ఆరుచున్నను విద్యుత్తు చాలుట లేదని భావింపవలెను. యు.ఎస్.బి. రెండవ తరము పోర్టు ఇచ్చు విద్యుత్తు 500 మిల్లీ ఆంపియర్లు. మూడవ తరము పోర్టు ఇచ్చునది 900. కండెన్సరు మైకునకు పెట్టె 48 వోల్టులు సమకూర్చవలసినప్పుడు దానికి విద్యుత్తు మరింత కావలెను. నాలుగు వస్తువులు తగిలించిన చిన్న హబ్బునుండి అంత విద్యుత్తు అందకపోవచ్చును. కావున హబ్బును తీసివేసి పెట్టెను తిన్నగా కంప్యూటరునకు తగిలించి చూడుడు.

తీగను కూడ అనుమానింపవలెను. ఫోనులకు విద్యుత్తు ఎక్కించుటకు మాత్రమే తయారైన తీగలున్నవి. వానిలో సమాచారమును మోయు పోగులే ఉండవు. అట్టి తీగతో దీపము వెలుగును గాని కంప్యూటరు పెట్టెను గుర్తింపదు. ఇక దీనికి విపరీతమైన సంగతి ఒకటి కలదు. మిక్కిలి పాతవైన, అనగా సెకనుకు 12 మెగాబిట్ల వేగముతో నడచు మొదటి తరము పెట్టెలు, కొన్ని కొత్త కంప్యూటర్ల వేగవంతమైన పోర్టులతో సరిగా పొసగవు. అట్టివానికి సొంత విద్యుత్తు కల రెండవ తరము హబ్బు ఒకటి నడుమ పెట్టినచో అవి పలుకుట కలదు. ఒకరికి హబ్బు తీసివేయుట మందు, ఇంకొకరికి హబ్బు పెట్టుట మందు. రెండును పరీక్షించి చూచుటకు పావుగంట చాలును.

పెట్టె బ్రతికియున్నదో లేదో తెలిసికొనుటకు మరియొక సులభమైన పరీక్ష కలదు. చాల పెట్టెలలో మైకు ధ్వనిని కంప్యూటరుతో నిమిత్తము లేకుండ నేరుగా హెడ్‌ఫోనులకు పంపు ఏర్పాటుండును. దానిని డైరెక్ట్ మానిటర్ అందురు. మైకు, హెడ్‌ఫోనులు తగిలించి, ఆ మీట తిప్పి మాటలాడినప్పుడు మీ గొంతు మీకు వినిపించినచో పెట్టెలోని ధ్వనిభాగము ఆరోగ్యముగా నున్నది. మైకు, దాని తీగ, మైకు ధ్వనిని పెంచు భాగము మంచివే. లోపము కంప్యూటరు వైపున వెదకవలెను.

ఇప్పుడు కంప్యూటరు పెట్టెను గుర్తించినదా అని చూడవలెను. విండోస్‌లో డివైస్ మేనేజర్ అను పట్టికయు, మాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అను పట్టికయు ఇందుకే ఏర్పడినవి. పెట్టె పేరు పట్టికలో ఎచ్చటను లేనిచో మరల తీగవైపు, పోర్టువైపు చూడుడు. పేరు ఉండి, పక్కన పసుపుపచ్చని హెచ్చరిక గుర్తున్నచో అది దుబాసీ లేని వర్తకుని స్థితి. డ్రైవరు తెచ్చుకొనవలెను.

డ్రైవరును పెట్టె తయారుచేసిన కంపెనీ వారి వెబ్‌సైటునుండి మాత్రమే తీసికొనుడు. "అన్ని డ్రైవర్లు ఉచితము" అను ప్రకటనలతో తిరుగు సాఫ్ట్‌వేర్లను ఇంటిలోనికి రానీయరాదు. ముందుగా పెట్టెను కంప్యూటరునుండి విడదీయుడు. పాత డ్రైవరు మిగిలియున్నచో తొలగించి కంప్యూటరును మరల ప్రారంభించి, కొత్త డ్రైవరును ఎక్కించి, అది కోరినప్పుడు మాత్రమే పెట్టెను తగిలించుడు. ఈ వరుస తప్పినందువలన విఫలమైన ప్రయత్నములు అనేకము.

కొత్త కంప్యూటర్లలో కాపలా కూడ పెరిగినది. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అను రక్షణ ఒకటి కలదు. అనేక కొత్త యంత్రములలో అది మొదటినుండియే పనిచేయుచుండును. దానికి సరిపడని పాత డ్రైవర్లను అది లోనికి రానీయదు. ఎం1 మొదలుకొని 2020 తరువాత వచ్చిన ఆపిల్ సొంత ప్రాసెసర్ల మాక్‌లలో పాత పద్ధతి డ్రైవరును అనుమతింపవలెనన్నచో, కంప్యూటరును రికవరీ స్థితిలో ప్రారంభించి భద్రతా స్థాయిని ఒక మెట్టు తగ్గింపవలసి యుండును. ఈ కాపలాలను తొలగించుటకు మార్గములున్నవి. అయితే బ్యాంకు వ్యవహారములు, పిల్లల చదువులు అన్నియు నడచు కంప్యూటరు అదే అయినచో, ఒక పెట్టె కొరకు ఇంటి తలుపు తెరచిపెట్టుట వివేకము కాదు. కొత్త డ్రైవరు ఉన్నదేమో చూచి, లేనిచో ఈ త్రోవను విడిచి వేరొక ఉపాయము వెదకుట మేలు.

ఆర్మ్ జాతి ప్రాసెసరు గల విండోస్ లాప్‌టాపులు 2024 నుండి విరివిగా వచ్చినవి. వీనిపై పాత సాఫ్ట్‌వేర్లు అనువాదము ద్వారా నడచును గాని, పాత డ్రైవర్లు ఆ విధముగా నడువవు. ఆ యంత్రము కొరకు ప్రత్యేకముగా వ్రాసిన డ్రైవరు కావలెను. కొనుటకు ముందే ఈ విషయము విచారించుట మంచిది.

పెట్టెను కంప్యూటరు గుర్తించినది, డ్రైవరు కుదిరినది, అయినను రికార్డింగులో నిశ్శబ్దమే మిగిలినదనుకొందము. అప్పుడు అనుమతిని చూడవలెను. మాక్ కంప్యూటర్లలో 2018 నాటి మొజావే నుండి, మైకును వాడదలచిన ప్రతి సాఫ్ట్‌వేరును ఇంటి యజమాని అనుమతి పొందవలెను. విండోస్‌లోను ప్రైవసీ అమరికలలో అట్టి మీట ఉన్నది. మొదటిరోజున తొందరలో "వద్దు" అని నొక్కినచో ఆ సాఫ్ట్‌వేరునకు నిశ్శబ్దము మాత్రమే అందును; లోపమున్నదని అది చెప్పకపోవచ్చును. దానితోపాటు రికార్డింగు సాఫ్ట్‌వేరులో ఏ పెట్టెను ఎన్నుకొన్నారో చూడుడు. కొత్త కంప్యూటరు తనలోని చిన్న మైకునే ఎన్నుకొనియుండవచ్చును.

ధ్వని వచ్చుచున్నది గాని శ్రుతి మారినదా? దానికి కారణము కొలతల లెక్కలో తేడా. సెకనుకు 44,100 కొలతలతో ముద్రించిన పాటను 48,000 వంతున వినిపించినచో శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానములు పైకి పోవును. అయిదు నిమిషముల పాట 4 నిమిషముల 36 సెకనులకే ముగియును. పెట్టె, ఆపరేటింగ్ సిస్టమ్, రికార్డింగు సాఫ్ట్‌వేరు - ఈ మూడింటిలోను ఒకే సంఖ్య ఉండునట్లు చేసినచో ఈ దోషము తొలగును.

చిటపట ధ్వనులు వినిపించినచో బఫరును చూడవలెను. కుళాయి క్రింద కడవ ఉన్నట్లు, కంప్యూటరు కొలతలను కొంతసేపు బఫరులో పట్టి, ఆ పిమ్మట పని చేయును. కడవ చిన్నదైనచో నీరు పొర్లును. అనగా కొలతలు జారిపోయి చిటపటలు పుట్టును. పెద్దదైనచో నిండుటకు ఆలస్యమగును. అనగా పాడినవారికి తమ గొంతు ఆలస్యముగా వినవచ్చును. 48,000 రేటులో 64 కొలతల బఫరు 1.3 మిల్లీ సెకనులు, 256 కొలతల బఫరు 5.3 మిల్లీ సెకనులు, 1,024 కొలతల బఫరు 21.3 మిల్లీ సెకనులు పట్టును. పాడునప్పుడు 128 గాని 256 గాని పెట్టుకొని, పిదప మెరుగులు దిద్దునప్పుడు 1,024కు పెంచుట మంచి పద్ధతి. అప్పటికిని చిటపటలు తగ్గనిచో, లాప్‌టాపులో విద్యుత్తు ఆదా చేయు అమరికను మార్చి, రికార్డింగు జరుగునంతసేపు వైఫైని ఆపి చూడుడు.

ఎడతెగని "హుం" ధ్వని వేరొక జాతి. అది మన ఇండ్లకు వచ్చు 50 సైకిల్సు విద్యుత్తునుండి పుట్టినది. లాప్‌టాపు చార్జరును ఒక్క నిమిషము తీసివేసి బ్యాటరీమీద నడిపి చూడుడు. హుంకారము పోయినచో చార్జరో, ఎర్తు తీగయో కారణము. పరికరములన్నిటిని మంచి ఎర్తు గల ఒకే ప్లగ్గు వరుసనుండి నడుపుడు. ఎర్తు పిన్నును విరిచి శబ్దము తగ్గించుకొనుట మాత్రము ఎన్నడును చేయరాదు, అది ప్రాణాపాయము.

ఫైర్‌వైర్ పెట్టెలు గలవారి చిక్కు అన్నిటికంటె పెద్దది. 1995లో ప్రమాణముగా ఏర్పడిన ఈ తీగ సెకనుకు 400 మెగాబిట్లను మోసెడిది. తరువాత 800 మోయు రకము వచ్చినది. ఒకేసారి ఎనిమిది మైకులు తగిలించు పెట్టెలకు కొంతకాలము ఇదియే రాజమార్గము. ఫైర్‌వైర్ పోర్టు గల చివరి మాక్ లాప్‌టాపు 2012 నాటిది. థండర్‌బోల్ట్ అడాప్టర్లను ఒకదాని వెనుక ఒకటి గొలుసుకట్టి కొందరు వీనిని చాలకాలము నడిపించుకొనిరి. 2025 సెప్టెంబరులో వెలువడిన మాక్ ఓఎస్ 26 టాహోలో ఆపిల్ వారు ఫైర్‌వైర్ సౌకర్యమునే తీసివేసిరి. అడాప్టర్లు ఎన్ని తగిలించినను ఆ సిస్టమ్‌లో ఈ పెట్టె పలుకదు. అట్టి పెట్టెమీద పని జరుగుచున్న ఇంట ఆ మాక్‌ను టాహోకు మార్చకుండుటయే ఉపాయము. బల్లమీద నిలుచు విండోస్ కంప్యూటరులో అదనపు కార్డు అమర్చుకొని ప్రయత్నింపవచ్చును. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి చిప్పు గల కార్డు ఇందుకు అనుకూలమని అనుభవజ్ఞుల మాట. లినక్స్ సిస్టమ్‌లో అనేక ఫైర్‌వైర్ పెట్టెలకు ఇంకను ఆదరణ కలదు. ఆ భాగమును 2029 వరకు సంరక్షింతుమని దాని నిర్వాహకులు 2023లో ప్రకటించిరి. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుండియే నడిపి చూడవచ్చును గనుక, కంప్యూటరులోనిదేదియు మార్చకుండ మీ పెట్టెను పరీక్షించుకొనవచ్చును.

ఏ మార్గమును ఫలింపకున్నను పెట్టెను పారవేయవలసిన పనిలేదు. కొన్ని పెద్ద పెట్టెలు కంప్యూటరు లేకుండ ఒంటరిగా పనిచేయగలవు. వానిలో ఆప్టికల్ అవుట్‌పుట్ ఉన్నచో ఆ ద్వారమునుండి కొత్త ఇంటర్‌ఫేసునకు ధ్వనిని పంపవచ్చును. పాత పెట్టె మైకుల ధ్వనిని పెంచి కొలుచు పని చేయును. కంప్యూటరుతో మాటలాడు పని కొత్తది చేయును. లేదా, పాత కంప్యూటరు బాగుగానే యున్నచో దానిని అమ్మక, ఇంటర్‌నెట్టునుండి విడదీసి, రికార్డింగుకే కేటాయింపవచ్చును. ముద్రించిన ధ్వనిని పెన్‌డ్రైవ్‌లో కొత్త కంప్యూటరునకు చేర్చుకొనవచ్చును.

ఇంకను కంప్యూటరు మార్చనివారికి ఒక మాట. కొత్తది వచ్చి, పాత పెట్టె దానితో ఒక వారము చక్కగా పలికిన తరువాతనే పాత కంప్యూటరును తుడిచివేయుడు. అంతకు ముందు అసంపూర్తిగా నున్న పాటలలోని ఒక్కొక్క గొంతును, ఒక్కొక్క వాద్యమును విడివిడిగా వేవ్ ఫైళ్ళుగా దాచుకొనుడు. రికార్డింగు సాఫ్ట్‌వేరు మారినను వేవ్ ఫైలు ఏ కంప్యూటరులోనైనను తెరచుకొనును.

కడపట చెప్పవలసినది అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ పరీక్షలన్నియు ఒక సాయంకాలములో ముగించుకొనుడు. అప్పటికిని పెట్టె పలుకనిచో, పక్కన పెట్టి, మీరు తలపెట్టిన రికార్డింగును చేతిలోని ఫోనుతోనైనను పూర్తిచేయుడు. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోనును మనిషికి ఒక జానెడు దూరమున ఉంచినచో ఆ ముద్రణ ఇంటివారు దాచుకొనుటకు చాలినంత స్పష్టముగా నుండును. పెట్టె బాగైన పిమ్మట రికార్డు చేయుదమని వాయిదా వేసి, పెద్దల గొంతు పోగొట్టుకొన్న ఇండ్లున్నవి. పెట్టె చిక్కు వచ్చేవారము విప్పుకొనవచ్చును. ఎనుబది యేండ్ల అమ్మమ్మ పాట ఈ వారమే ముద్రించుకొనుడు.